పగలు వెలిగిన వీధిదీపం: రెసిస్టర్ల కిట్ కొనే ముందు

కిందటేడు మా స్కూల్లో జరిగిన సైన్స్ ఎగ్జిబిషన్‌లో నేను ఒక వీధిదీపం నమూనా పెట్టాను. చీకటి పడితే దానంతట అదే వెలగాలి, తెల్లారితే ఆరిపోవాలి. అట్ట మీద రోడ్డు, అగ్గిపెట్టెలతో ఇళ్ళు, ఐస్‌క్రీమ్ పుల్లలతో దీపస్తంభాలు, అన్నీ ముచ్చటగా కుదిరాయి. తీరా పెద్దలు వచ్చి చూసే వేళకి, కిటికీలోంచి ఎండ ఫెళ్ళున పడుతుండగా, నా వీధిదీపాలు హాయిగా వెలుగుతూ కూర్చున్నాయి. చెయ్యి అడ్డం పెట్టినా అంతే, తీసినా అంతే.

"మా వీధిలోనూ ఇంతేనమ్మా" అని ఒకాయన నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ నవ్వు వెనక ఏడుపే ఎక్కువ. అప్పటికి ఆ స్కూల్లో చేరి మూడు నెలలే అయింది. కొత్తగా వచ్చిన పిల్ల ఏదో చేస్తుందట అని క్లాసంతా చూడ్డానికి వచ్చింది మరి.

రాత్రి తెనాలిలో ఉన్న తాతయ్యకి ఫోన్ చేశాను. ఆయన ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవారు.

"సెన్సర్ పక్కన పెట్టిన రెసిస్టర్ ఎంత?" అన్నారు.

"10 కిలో ఓంలు, తాతయ్యా. రంగులు చూసే పెట్టాను. గోధుమ, నలుపు, నలుపు, ఎరుపు, గోధుమ."

"సరే, ఇప్పుడు దాన్ని అటు చివర ఇటు తిప్పి పట్టుకుని చదువు."

తిప్పాను. గోధుమ, ఎరుపు, నలుపు, నలుపు, గోధుమ.

"అది 120 ఓంలమ్మా" అన్నారు తాతయ్య.

నేను 10,000 అనుకున్నది 120. వెనకనుంచి చదివాను. తప్పు నాదే, కానీ ఆ తప్పుకి దారి వేసింది నా రెసిస్టర్ల పెట్టె. నాన్నకి విశాఖపట్నం నుంచి జబల్‌పూర్ బదిలీ అయినప్పుడు ఆ పెట్టె లారీలో వచ్చింది. మూత ఊడి, గదుల్లోని ముక్కలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. దేని మీదా చీటీ లేదు. రంగులు చూసి ఏరుకోవడం తప్ప వేరే దారి లేకపోయింది.

మనలో చాలామందిమి రెండుమూడేళ్ళకొకసారి పెట్టే బేడా సర్దుకునేవాళ్ళమే. కాబట్టి ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్నవాళ్ళకి, మొదటి రెసిస్టర్ల కిట్ కొనే ముందు ఏమేం చూసుకోవాలో నేను నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చెబుతాను.

రెసిస్టర్ చేసే పని

పాఠ్యపుస్తకాల్లో దీన్ని నిరోధకం అంటారు. కరెంటు ప్రవాహానికి అడ్డుపడటమే దాని పని. పొలంలోకి పారే కాలువకి చిన్న తూము పెడితే నీళ్ళు కొద్దికొద్దిగా వస్తాయి కదా, అలాంటిదే. ఎంత అడ్డుపడుతుందో ఓంలలో కొలుస్తాం. వెయ్యి ఓంలు ఒక కిలో ఓం, పది లక్షల ఓంలు ఒక మెగా ఓం.

ఈ పేరు జర్మనీకి చెందిన గేయార్గ్ సైమన్ ఓమ్ గారిది. కొలోన్ నగరంలోని ఒక పాఠశాలలో లెక్కలు, భౌతికశాస్త్రం చెబుతూనే ఆయన ప్రయోగాలు చేశారు. 1827లో వాటిని పుస్తకంగా ప్రచురించారు. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుందన్నదే ఆయన సూత్రం. పదో తరగతిలో అందరం చదివేదే.

ఒక ఎర్ర ఎల్ఈడీని 5 వోల్టులకి కలపాలనుకోండి. ఎర్ర ఎల్ఈడీ వెలిగేటప్పుడు దాదాపు 2 వోల్టులు తనే తీసుకుంటుంది. మిగిలిన 3 వోల్టులు రెసిస్టర్ మీద పడతాయి. మనకి 10 మిల్లీ ఆంపియర్ల కరెంటు చాలు. 3ని 0.01తో భాగిస్తే 300 ఓంలు. 300 ఓంల రెసిస్టర్ మామూలు కిట్‌లలో తరచుగా ఉండదు కాబట్టి దగ్గర్లో ఉన్న 330 వాడతాం. రెసిస్టర్ లేకుండా నేరుగా కలిపితే ఎల్ఈడీ ఒక్కసారి మెరిసి మాడిపోవచ్చు.

నా వీధిదీపంలో జరిగిందీ ఈ సూత్రంతోనే తెలుస్తుంది. అందులో వెలుగు పడితే నిరోధం తగ్గే ఎల్‌డీఆర్ అనే సెన్సర్, దాని కింద ఒక రెసిస్టర్ ఉన్నాయి. 5 వోల్టులు ఆ రెండింటి మధ్య వాటాలుగా పడతాయి. మంచి వెలుగులో నా ఎల్‌డీఆర్ నిరోధం సుమారు 2 కిలో ఓంలు. కింద 10 కిలో ఓంలు ఉంటే దాని వాటాకి దాదాపు 4.2 వోల్టులు వస్తాయి. "వెలుతురు బాగుంది" అని ఆర్డునో అనుకుంటుంది. కింద 120 ఓంలే ఉంటే వచ్చేది 0.3 వోల్టులు కూడా కాదు. పాపం ఆర్డునో అది అర్ధరాత్రి అనుకుని దీపాలు వెలిగించింది. దాని తప్పేమీ లేదు.

ఈ అంకెలు ఇలా ఎందుకున్నాయి?

కిట్ తెరవగానే కనిపించే అంకెలు వింతగా ఉంటాయి. 10, 12, 15, 18, 22, 27, 33, 39, 47, 56, 68, 82. ఆ తరువాత ఇవే పదింతలై 100, 120, 150 అంటూ పోతాయి. 20, 30, 40 అని చక్కగా పెట్టకుండా ఈ 47 ఏమిటి, 68 ఏమిటి అనిపిస్తుంది.

దీని వెనక ఒక పొదుపు ఉంది. ఏ రెసిస్టరూ రాసినంత ఖచ్చితంగా ఉండదు. పది శాతం అటూ ఇటూ ఉండవచ్చు అనుకుంటే, 10 అని రాసినది 11 దాకా ఉండవచ్చు. 12 అని రాసినది 10.8 దాకా దిగవచ్చు. అంటే ఈ రెండూ దాదాపు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. మధ్యలో 11 అని ఇంకొకటి తయారుచేస్తే దండగ. అలాగే 18 ఎక్కువలో ఎక్కువ 19.8 అవుతుంది, 22 తక్కువలో తక్కువ 19.8 అవుతుంది. ఒక్కొక్క మెట్టు ముందుదానికన్నా సుమారు 21 శాతం పెద్దది. ఇలా పన్నెండు మెట్లతో 10 నుంచి 100 దాకా ఎక్కేయవచ్చు. ఈ వరసని ఇ12 అంటారు. ఐదు శాతం ఖచ్చితత్వానికి ఇరవైనాలుగు మెట్ల ఇ24 వరస ఉంది.

10 ఓంల నుంచి 1 మెగా ఓం దాకా ఇ12 వరస మొత్తం కొంటే 61 విలువలు అవుతాయి. మరి అన్నీ కావాలా? అక్కర్లేదు. అసలు సంగతి ఇక్కడే ఉంది.

మొత్తం ముక్కల లెక్క చూసి మోసపోవద్దు

కిట్ మీద పెద్ద అక్షరాలతో "600 ముక్కలు" అని రాసి ఉంటుంది. 30 విలువలు, ఒక్కొక్కటీ 20 చొప్పున వేసినా 600. 60 విలువలు, ఒక్కొక్కటీ 10 చొప్పున వేసినా 600. ఈ రెండూ ఒకటి కావు.

నాలుగు రోడ్ల కూడలిలో ట్రాఫిక్ సిగ్నల్ నమూనా చేస్తున్నారనుకోండి. ఒక్కో వైపు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కలిపి మొత్తం 12 ఎల్ఈడీలు. ఒక్కోదానికి ఒక 330 ఓంల రెసిస్టర్. 10 చొప్పున ఉన్న కిట్ ఉంటే రెండు తక్కువ పడతాయి. మిగిలిన 590 ముక్కలూ మీ వైపు చూస్తూ ఉంటాయి. అంకెలు చూపించే ఏడు గీతల డిస్‌ప్లే ఒకటి పెడితే దానికే ఏడు కావాలి.

మనం చేసే పనుల్లో మళ్ళీమళ్ళీ కావలసినవి ఇవే:

220, 330, 470 ఓంలు: 5 వోల్టుల మీద ఎల్ఈడీలకి. అన్నిటికన్నా ముందు అయిపోయేవి ఇవే.

1 కిలో ఓం: బీసీ547 లాంటి చిన్న ట్రాన్సిస్టర్ బేస్‌కి, 9 వోల్టుల బ్యాటరీ మీద ఎల్ఈడీకి.

4.7 కిలో ఓంలు: డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సర్ లాంటివాటికి.

10 కిలో ఓంలు: నొక్కే బటన్లకి, ఎల్‌డీఆర్ లాంటి సెన్సర్లకి.

68 లేదా 100 కిలో ఓంలు: 555 టైమర్‌తో దీపం మిణుకుమిణుకుమనిపించడానికి. 1 కిలో, 68 కిలో ఓంల రెసిస్టర్లు, 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే దీపం ఇంచుమించు సెకనుకొకసారి వెలిగి ఆరుతుంది.

1 మెగా ఓం: వేలితో తాకితే పనిచేసే సరదా సర్క్యూట్లకి.

అందుచేత నా సలహా ఇది. 10 ఓంల నుంచి 1 మెగా ఓం దాకా 30 విలువలు, ఒక్కొక్కటీ 20 చొప్పున ఉన్న కిట్ ఒకటి తీసుకోండి. దానితోపాటు 330 ఓంలు, 1 కిలో ఓం, 10 కిలో ఓంలు విడిగా 50 చొప్పున కొనుక్కోండి. బియ్యం, పప్పు ఎక్కువగా, ఆవాలు, మెంతులు కొద్దికొద్దిగా తెచ్చుకుంటాం కదా. అన్నీ సమానంగా తెచ్చుకుంటే వంట సాగదు.

లేని విలువ కావలసివస్తే కంగారు పడనక్కర్లేదు. వరసగా కలిపితే విలువలు కూడుతాయి. రెండు 1 కిలో ఓంలు వరసగా పెడితే 2 కిలో ఓంలు. పక్కపక్కన సమాంతరంగా కలిపితే తగ్గుతుంది. రెండు 10 కిలో ఓంలు సమాంతరంగా పెడితే 5 కిలో ఓంలు. క్లాసులో ఈ లెక్క చేసేటప్పుడు దేనికి పనికొస్తుందిరా బాబూ అనుకుంటాం. దీనికే.

వాట్ల సంగతి

రెసిస్టర్ అడ్డుకున్న శక్తి వేడిగా మారుతుంది. ఎంత వేడిని ఓర్చుకోగలదో వాట్లలో చెబుతారు. కిట్‌లలో ఎక్కువగా పావు వాట్ రెసిస్టర్లు వస్తాయి. మన పనులకి అవే సరిపోతాయి. ఇందాకటి ఎర్ర ఎల్ఈడీ సర్క్యూట్‌లో 330 ఓంల రెసిస్టర్ మీద 3 వోల్టులు, 9 మిల్లీ ఆంపియర్లు. అంటే 0.027 వాట్లు. పావు వాట్‌లో పదో వంతు.

కానీ హద్దు ఎక్కడుందో తెలిసి ఉండాలి. వోల్టేజిని దానితోనే గుణించి, నిరోధంతో భాగిస్తే వాట్లు వస్తాయి. 5 వోల్టులకి నేరుగా 100 ఓంల రెసిస్టర్ కలిపితే సరిగ్గా పావు వాట్. అది అంచు. 9 వోల్టులకి ఆ అంచు 324 ఓంల దగ్గర, 12 వోల్టులకి 576 ఓంల దగ్గర ఉంటుంది. అంతకన్నా తక్కువ ఓంల ముక్కని నేరుగా కలిపితే కాలుతుంది, ముందు రెసిస్టర్, తరువాత మీ వేలు. రాసిన వాట్లలో సగానికి మించి వాడకపోవడం మంచి అలవాటు.

పావు వాట్ రెసిస్టర్ ఒళ్ళు మామూలుగా 6 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది. అందులో సగం పొడవే ఉంటే అది చాలావరకు ఎనిమిదో వంతు వాట్ రకం అయి ఉంటుంది. కొనేముందు ఆ మాట అడిగి తెలుసుకోండి.

ఇంకొక మాట. ఈ కిట్‌లో ఏ రెసిస్టరూ ఇంట్లో గోడకుండే 230 వోల్టుల ప్లగ్గు కోసం కాదు. బ్యాటరీలు, యూఎస్‌బీ 5 వోల్టులు, అంతవరకే మన ఆటలు.

నీలం రంగుదా, మట్టి రంగుదా?

దుకాణంలో రెండు రకాలు కనిపిస్తాయి. లేత మట్టి రంగు ఒళ్ళు, నాలుగు చారలు ఉన్నవి సాధారణంగా కార్బన్ ఫిల్మ్ రెసిస్టర్లు. అవి ఐదు శాతం అటూ ఇటూ ఉంటాయి. నీలం రంగు ఒళ్ళు, ఐదు చారలు ఉన్నవి సాధారణంగా మెటల్ ఫిల్మ్‌వి. అవి ఒక శాతం.

ఎల్ఈడీకి ఐదు శాతమైనా ఒకటే, ఒక శాతమైనా ఒకటే. 330 బదులు 345 ఉన్నా కంటికి తేడా తెలియదు. కొన్నిచోట్ల మాత్రం తెలుస్తుంది. దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ 5 వోల్టుల సంకేతం ఇస్తుంది. కొన్ని బోర్డులు 3.3 వోల్టులే పుచ్చుకుంటాయి. అప్పుడు పైన 1 కిలో ఓం, కింద 2 కిలో ఓంలు పెట్టి వోల్టేజిని తగ్గిస్తాం. లెక్క ప్రకారం 3.33 వోల్టులు రావాలి. ఐదు శాతం రెసిస్టర్లు అన్నీ చెడ్డ వైపుకే ఉంటే 3.44 దాకా పోవచ్చు. ఒక శాతంవైతే 3.36 దాటదు.

అయితే మెటల్ ఫిల్మ్‌లో ఒక చిక్కుంది. నీలం ఒంటి మీద ఎరుపు, గోధుమ, నారింజ చారలు ఒకేలా కనిపిస్తాయి, ముఖ్యంగా ట్యూబ్‌లైట్ కింద. పైగా ఒక శాతాన్ని చూపే చివరి చార కూడా గోధుమ రంగే. మొదటి చారా గోధుమే అయితే ఏది మొదలో ఏది చివరో తెలియదు. చివరి చార మిగతావాటికి కాస్త ఎడంగా ఉండాలి. చవక రకాల్లో ఆ ఎడం కనిపించదు. నేను బోల్తా పడింది అక్కడే. నాలుగు చారల రెసిస్టర్‌కి చివర బంగారు రంగు ఉంటుంది. బంగారు రంగుతో ఏ విలువా మొదలవదు కాబట్టి వెనకనుంచి చదివే ప్రమాదం లేదు.

కాబట్టి, చేతిలో మల్టీమీటర్ ఉంటే ఒక శాతం మెటల్ ఫిల్మ్ కిట్ తీసుకోండి. లేకపోతే నాలుగు చారల కార్బన్ ఫిల్మ్ కిట్‌తో మొదలుపెట్టినా చిన్నతనం లేదు.

కొనేటప్పుడు కాళ్ళు కూడా చూడండి. రెండు వైపులా ఉండే తీగలు మరీ సన్నగా ఉంటే బ్రెడ్‌బోర్డు కన్నాల్లో నిలవవు. ఇవాళ పనిచేసిన సర్క్యూట్ రేపు బల్ల కదిలితే ఆగిపోతుంది. వేలితో మెల్లగా వంచి చూస్తే కొంత తట్టుకోవాలి. అసలు కాళ్ళే లేని, నువ్వుగింజంత ముక్కల కిట్‌లు కూడా అమ్ముతారు. వాటిని ఎస్ఎండీ అంటారు, బోర్డు మీద అతికించేవి. బ్రెడ్‌బోర్డుకి పనికిరావు. బొమ్మ మాత్రమే చూసి తెప్పించుకుంటే ఈ పొరపాటు జరుగుతుంది.

నరసయ్య, పనసపండ్లు

చారలు చదవడానికి పది రంగుల వరస నోటికి రావాలి. నలుపు 0, గోధుమ 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలం 6, ఊదా 7, బూడిద 8, తెలుపు 9.

నిజం చెప్పాలంటే, తాతయ్య ఫోన్‌లో "ఊదా" అన్నప్పుడు అదేం రంగో నాకు వెంటనే తట్టలేదు. బ్రౌన్‌ని గోధుమ రంగు అంటారని అంతకుముందే ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నాలుగు రాష్ట్రాల్లో చదివితే భాషలో ఇలాంటి చిల్లులు పడతాయి. తాతయ్య నాకోసం ఒక వాక్యం కట్టి ఇచ్చారు:

"నరసయ్య గోడ ఎక్కి నాలుగు పనసపండ్లు ఆరగించి నీళ్ళకని ఊరెళ్ళి బూరెలు తెచ్చాడు."

ఒక్కొక్క మాట మొదటి అక్షరం చూడండి. న, గో, ఎ, నా, ప, ఆ, నీ, ఊ, బూ, తె. సున్నా నుంచి తొమ్మిది దాకా రంగులు వరసగా వచ్చేస్తాయి. నాలుగు పనసపండ్లు ఒక్కడే తిన్నవాడు నీళ్ళకి వెళ్ళి బూరెలు ఎందుకు తెచ్చాడని మా తమ్ముడు ఇప్పటికీ అడుగుతుంటాడు. అంతలా అడిగాడంటే వాడికీ వచ్చేసినట్టే.

నాలుగు చారలవాటిలో మొదటి రెండూ అంకెలు, మూడోది ఎన్ని సున్నాలో చెబుతుంది, నాలుగోది ఖచ్చితత్వం. ఎరుపు, ఎరుపు, గోధుమ, బంగారం అంటే 2, 2, ఒక సున్నా. 220 ఓంలు, ఐదు శాతం. ఐదు చారలవాటిలో మొదటి మూడూ అంకెలు. అదే 220 ఓంలు ఇక్కడ ఎరుపు, ఎరుపు, నలుపు, నలుపు, గోధుమ అవుతుంది.

ముక్కలు అంటించి ఉన్న కాగితం పట్టీల మీద 4కె7 అని రాసి ఉంటే 4.7 కిలో ఓంలు అని అర్థం. చుక్క చెరిగిపోయినా పొరపాటు రాకూడదని చుక్క స్థానంలో అక్షరం రాస్తారు. 2ఆర్2 అంటే 2.2 ఓంలు.

లారీ ఎక్కే పెట్టె

ఇది ముఖ్యంగా మనలాంటివాళ్ళ కోసం. గదులు గదులుగా ఉండే ప్లాస్టిక్ పెట్టె చూడ్డానికి బాగుంటుంది. బల్ల మీద ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. తలకిందులైతే మూతకీ గోడలకీ మధ్య ఉన్న సందులోంచి సన్నటి కాళ్ళు జారి పక్కగదిలోకి పోతాయి. సామాను లారీలో రెండు రోజులు కుదుపులు పడ్డ పెట్టె తలకిందులు కాకుండా ఉండదు.

రెసిస్టర్లు కాగితం పట్టీలకి అంటించి, ఒక్కొక్క విలువా విడి కవర్లో, కవరు మీద విలువ అచ్చువేసి వచ్చే కిట్ మనకి మేలు. ముక్క కావలసినప్పుడు పట్టీలోంచి ఒక్కటే తీసుకోండి. పట్టీ మొత్తం విప్పేయకండి. కవర్ల మీద విలువ లేకపోతే మీరే చీటీ రాసి లోపల వేయండి. పైన అంటిస్తే ఊడిపోతుంది. కవర్లన్నీ చిన్న విలువ నుంచి పెద్ద విలువకి పేర్చి, రబ్బరు బ్యాండు వేసి, టిఫిన్ డబ్బా లాంటి గట్టి డబ్బాలో పెట్టండి. మొత్తం ఒక పుస్తకమంత చోటు కూడా పట్టదు.

తెచ్చిన రోజే చేయవలసిన పని

కిట్ ఇంటికి రాగానే ఒక్కొక్క విలువలో రెండేసి ముక్కలు మల్టీమీటర్‌తో కొలిచి చూడండి. సర్క్యూట్‌లో ఉన్నదాన్ని కొలవకూడదు, విడిగా తీసే కొలవాలి. మీటర్ పుల్లల్ని రెసిస్టర్ రెండు కాళ్ళకీ వేళ్ళతో అదిమి పట్టుకోకండి. పెద్ద విలువల దగ్గర మీ ఒళ్ళు కూడా ఇంకో రెసిస్టర్‌లా పక్కన చేరి అంకెని తగ్గిస్తుంది. 1 మెగా ఓంని అలా పట్టుకుని కొలిచి, కిట్ నకిలీది అని నేను ఒక సాయంత్రమంతా బాధపడ్డాను. కొలిచిన అంకె కవరు మీది అంకెకి ఐదు శాతం లోపల ఉంటే, ఒక శాతం రకమైతే ఒక శాతం లోపల ఉంటే, సరుకు మంచిదే. మీటర్‌కి కూడా కొద్దిగా తేడా ఉంటుందని గుర్తుంచుకోండి.

ఎక్కడ కొనాలి?

అన్నిటికంటే ముందు మీ స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో కనుక్కోండి. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం ఈ ల్యాబ్‌లు వచ్చాయి. అక్కడ వాడుకోవడానికి కిట్ ఉంటే, సొంతంగా పైన చెప్పిన ఏడెనిమిది విలువలు కొనుక్కుంటే సరిపోతుంది. డబ్బు మల్టీమీటర్ మీద పెట్టవచ్చు.

కొనవలసివస్తే, ఏ ఊరికి బదిలీ అయినా ఒక బజారు ఉంటుంది. హైదరాబాద్‌లో కోఠి దగ్గరి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్, ముంబైలో లామింగ్టన్ రోడ్, ఢిల్లీలో ఎర్రకోట ఎదుట లజపత్‌రాయ్ మార్కెట్, కోల్‌కతాలో చాందినీ చౌక్ వీటికి పేరుపడ్డాయి. పెద్దవాళ్ళని తోడు తీసుకెళ్ళండి. కావలసిన విలువలు ఒక కాగితం మీద రాసుకుని, "పావు వాట్, ఒక శాతం" అని స్పష్టంగా అడగండి. చిన్న ఊళ్ళో ఉంటే టీవీలు, మిక్సీలు బాగుచేసే కొట్టులో అడిగి చూడండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే, బొమ్మ కన్నా ముందు విలువల జాబితా చదవండి. జాబితా ఇవ్వని కిట్ కొనకండి.

ఇక నా వీధిదీపం సంగతి. మర్నాడు ఎగ్జిబిషన్ రెండో రోజు. పొద్దున్నే వెళ్ళి ఆ 120 ఓంల ముక్క తీసేసి, తాతయ్య చెప్పినట్టు రెండు వైపులనుంచీ చదివి, ఫిజిక్స్ ల్యాబ్‌లో మల్టీమీటర్ అడిగి కొలిచి, 10 కిలో ఓంలది పెట్టాను. ఎండలో దీపాలు ఆరాయి. చెయ్యి అడ్డం పెడితే వెలిగాయి. నిన్న నవ్విన పెద్దాయన మళ్ళీ రాలేదు గానీ, మా క్లాసువాళ్ళు మాత్రం వంతులువారీగా చేతులు అడ్డం పెట్టి చూశారు. అందులో ఇద్దరు ఆ తరువాత ప్రతి శనివారం మా ఇంటికి వచ్చేవారు. పెట్టెలో కలిసిపోయిన ముక్కలన్నీ ముగ్గురం కలిసి కొలిచి, ఏరి, కవర్లలో వేయడానికి నాలుగు శనివారాలు పట్టింది. నరసయ్య వాక్యం ఇప్పుడు వాళ్ళకీ వచ్చు. ఒకరిది ఒడియా, ఇంకొకరిది మరాఠీ. అర్థం తెలియకపోయినా ఒక్క అక్షరం తప్పు పోరు.

నాన్నకి వచ్చే ఏడు మళ్ళీ బదిలీ ఉండవచ్చు. ఈసారి ఆ డబ్బా లారీలో వేయను. నా స్కూలు బ్యాగులోనే పెట్టుకుంటాను.